ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి, ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కి: మారాలా వద్దా, మారితే ఏమీ పోకుండా ఎలా?

నెల్లూరు ట్రంకు రోడ్డులో గానీ ఒంగోలు కర్నూలు రోడ్డులో గానీ ఫోన్ల షాపులో కాసేపు నిలబడితే ఒక సంగతి తెలుస్తుంది. జనం కంపెనీలు తేలిగ్గా మారుస్తారు. శాంసంగ్ వాడినాయన వివో తీసుకుంటాడు, రెడ్‌మీ వాడినామె మోటో అడుగుతుంది. కానీ ఆండ్రాయిడ్ వాళ్ళు ఆండ్రాయిడ్‌లోనే ఉంటారు, ఐఫోన్ వాళ్ళు ఐఫోన్‌లోనే ఉంటారు. దీన్ని అభిమానం అనేస్తాం గానీ అభిమానం పాత్ర కొంతే. ఎక్కువమందిని కదలనీయకుండా పట్టుకునేవి ఐదు: వాట్సాప్‌లో ఏళ్ళ తరబడి పేరుకున్న చాట్లు, బ్యాంకుతో ముడిపడిన సిమ్, ఫొటోలు, పనికి వాడే యాప్, ఫోన్ మొరాయిస్తే సరిచేసి ఇచ్చే ఇంటి మనిషి. ఈ ఐదింటిలో మీకు ఎన్ని ముళ్ళు ఉన్నాయో, వాటిలో ఏవి విప్పగలిగినవో తెలిస్తే ఉండాలా మారాలా అన్నది షాపువాడు చెప్పనక్కర్లేదు, మీరే తేల్చుకోవచ్చు.

మారడానికి కారణం సరైనదేనా

ఫోన్ నెమ్మదించింది, మెమరీ నిండింది, ఛార్జింగ్ మధ్యాహ్నానికే అయిపోతోంది అన్న కారణాలతో ఆండ్రాయిడ్ వదిలి ఐఫోన్‌కి, లేదా ఐఫోన్ వదిలి ఆండ్రాయిడ్‌కి వెళ్ళొద్దు. ఆ మూడూ పాతబడిన ఏ ఫోన్‌కైనా వచ్చే జబ్బులే. ముందు వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ తెరవండి. ఏ గ్రూపు ఎంత జాగా తింటోందో పెద్దది పైన, చిన్నది కింద వరసగా కనిపిస్తుంది. గుడ్ మార్నింగ్ బొమ్మలు, ఫార్వర్డ్ వీడియోలు తీసేస్తే చాలామందికి అక్కడే బోలెడు జాగా దొరుకుతుంది. ఐఫోన్‌లో బ్యాటరీ హెల్త్ 80 శాతం కిందికి పడితే బ్యాటరీ మార్పిస్తే సరిపోతుంది, ఫోన్ మార్చక్కర్లేదు.

మారడానికి గట్టి కారణాలూ ఉంటాయి. పాత ఫోన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోవడం ఒకటి. ఇంట్లో మిగతా వాళ్ళంతా అవతలి పక్క ఉండటం ఇంకొకటి. ఉద్యోగం ఫలానా ఫోనే ఉండాలనడం మూడోది. ఇలాంటిది ఒక్కటైనా ఉంటేనే కింద రాసిన తంటా పడండి. లేకపోతే ఉన్న పక్కనే కొత్త మోడల్ తీసుకోవడం తెలివైన పని. అందులో వెనకబడటం ఏమీ లేదు.

ముళ్ళు లెక్కపెట్టుకోవడం

ఒక కాగితం తీసుకోండి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్ లోపల డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ తెరిస్తే వారంలో ఏ యాప్ ఎంతసేపు వాడారో తెలుస్తుంది. మొదటి పది రాసుకోండి. అసలు చిక్కు పెట్టేవి మాత్రం ఆ పదిలో ఉండవు. నెలకోసారో పంటకోసారో తెరిచే యాప్‌లే కొంప ముంచుతాయి. కాబట్టి యాప్‌ల జాబితా మొత్తం పైనుంచి కిందికి దించి, డబ్బుకో పనికో పత్రాలకో సంబంధించిన ప్రతిదీ రాయండి.

ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువు చేసే రైతు ఫోన్ ఎలా ఉంటుందో చూద్దాం. కౌంటు ధరలు, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న దాన్ని బట్టి కట్టే ధరలు, వచ్చే వాట్సాప్ గ్రూపులు నాలుగైదు ఉంటాయి. చెరువు గట్టు మీద పెట్టిన సీసీ కెమెరా యాప్ ఒకటి. చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరియేటర్లను ఆన్, ఆఫ్ చేసే మొబైల్ స్టార్టర్ యాప్ ఒకటి. మేత డీలరు వాట్సాప్‌లో పంపి ఎక్కించిన ఆర్డర్ యాప్ ఒకటి. రెండు సిమ్‌లు: చెరువు దగ్గర సిగ్నల్ అందేది ఒకటి, బ్యాంకులో ఇచ్చిన పాత నంబరు ఇంకొకటి. నీళ్ళ పరీక్ష రిపోర్టుల ఫొటోలు, పట్టుబడి రోజు తూకం చీటీల ఫొటోలు గ్యాలరీలో వందల్లో ఉంటాయి.

వీటిలో వాట్సాప్, ఫొటోలు జాగ్రత్తగా చేస్తే అవతలికి వస్తాయి. సీసీ కెమెరా యాప్‌లు చాలావాటికి ఐఫోన్ వెర్షన్ ఉంటుంది. మొబైల్ స్టార్టర్‌లో కాల్‌తోనో ఎస్ఎంఎస్‌తోనో నడిచే రకమైతే ఏ ఫోన్ అయినా ఒకటే. యాప్‌తో మాత్రమే నడిచే రకమైతే ముందే చూసుకోవాలి. డీలరు పంపిన యాప్ ఏపీకే ఫైలు, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఎక్కించుకునే ఆండ్రాయిడ్ యాప్ ఫైలు. అది ఐఫోన్‌లో ఎక్కదు, ఎక్కించే దారీ లేదు. అంటే ఈ రైతుకి ముడి పడేది ఆ ఒక్క యాప్ దగ్గర, రెండో సిమ్ దగ్గర. డీలరుకి ఫోన్ చేసి వాట్సాప్‌లో ఆర్డర్ తీసుకుంటాడేమో అడిగితే సగం ముడి అప్పుడే విడిపోతుంది.

యాప్ అవతల ఉందో లేదో ఫోన్ కొనకముందే తెలుసుకోవచ్చు. గూగుల్‌లో యాప్ పేరు కొట్టి పక్కన యాప్ స్టోర్ అని చేర్చండి. అదే పేరుతో వేరేవాళ్ళు పెట్టిన యాప్‌లు కూడా కనిపిస్తాయి కాబట్టి తయారుచేసిన సంస్థ పేరు ప్లే స్టోర్‌లో ఉన్నదీ అక్కడ ఉన్నదీ ఒకటేనా చూడండి. చివరిసారి అప్‌డేట్ ఇచ్చిన తేదీ కూడా చూడండి. రెండేళ్ళుగా ముట్టుకోని యాప్ ఉన్నా లేనట్టే.

వేలిముద్ర పరికరం ఓటీజీ కేబుల్‌తో ఫోన్‌కి తగిలించి ఆధార్ పని చేసే వాళ్ళు, అంటే బ్యాంకు మిత్రలు, నగదు తీసి ఇచ్చే చిన్న షాపుల వాళ్ళు, ఆ పనికి ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి విడిగా ఉంచుకోవాల్సిందే. ప్రభుత్వ ఉద్యోగుల హాజరు, సర్వే యాప్‌ల విషయంలోనూ పై అధికారి దగ్గర ముందే కనుక్కోండి. మామూలు జనానికి ఈ బెడద తక్కువ. 2025 జనవరిలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మన మిత్ర సేవ వాట్సాప్‌లోనే నడుస్తుంది కాబట్టి ఏ ఫోన్‌లోనైనా పనిచేస్తుంది. డిజీలాకర్, ఆధార్ యాప్ రెండు పక్కలా ఉన్నాయి.

సిమ్: అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది

మన దగ్గర ఎక్కువమంది ఆండ్రాయిడ్ ఫోన్లలో రెండు ప్లాస్టిక్ సిమ్‌లు పడతాయి. భారత్‌లో అమ్మే ఐఫోన్లలో ఒక నానో సిమ్‌కే జాగా ఉంటుంది, రెండో నంబరు ఈసిమ్‌గా, అంటే ప్లాస్టిక్ ముక్క లేకుండా ఫోన్ లోపలే ఉండే సిమ్‌గా, ఉండాలి. 2025లో వచ్చిన ఐఫోన్ ఎయిర్‌లోనైతే ప్లాస్టిక్ సిమ్ అసలు పట్టదు, రెండూ ఈసిమ్‌లే. ఇది కొన్నాక తెలిసి తలపట్టుకునేవాళ్ళు చాలామంది.

ఈసిమ్‌గా మార్చడం ఆపరేటర్ యాప్‌లో గానీ వాళ్ళ స్టోర్‌లో గానీ జరుగుతుంది. మార్చగానే ప్లాస్టిక్ సిమ్ చచ్చిపోతుంది. ఆ తర్వాత 24 గంటలు ఆ నంబరుకి ఎస్ఎంఎస్‌లు రావు, పోవు. సిమ్ కాజేసి బ్యాంకు ఖాతాలు ఊడ్చే మోసాలను ఆపడానికి పెట్టిన కట్టడి అది. ఆ ఒక్క రోజు ఓటీపీ రాదు, యూపీఐ రిజిస్టర్ కాదు. ఎన్నిసార్లు నొక్కినా ఫలితం ఉండదు, ఊరికే నొక్కి యాప్ లాక్ చేయించుకోవద్దు.

అందుకని రెండు నంబర్లలో బ్యాంకులో ఇచ్చిన నంబరును ప్లాస్టిక్ సిమ్‌గానే ఉంచండి, రెండోదాన్ని ఈసిమ్ చేయండి. ఈ ఒక్క జాగ్రత్తతో సగం గొడవ తప్పుతుంది. బ్యాంకు నంబరునే ఈసిమ్ చేయక తప్పకపోతే రెండో శనివారం, నాలుగో శనివారం, ఆదివారం, పండగ ముందురోజు పెట్టుకోవద్దు. బ్యాంకు తెరిచి ఉండే రోజు చేయండి, ఇంట్లో రెండు మూడు వేలు నగదు ఉంచుకోండి. పొదలకూరు నిమ్మ మార్కెట్‌కి సరుకు వేసే రోజునో, పొగాకు వేలం బిల్లు పడాల్సిన వారమో అసలే వద్దు.

ఫోన్‌పే, గూగుల్ పే, బ్యాంకు యాప్‌లు

పాత ఫోన్ చేతిలో ఉండగానే యూపీఐ లైట్ చూడండి. పిన్ కొట్టకుండా చిన్న మొత్తాలు పంపడానికి పెట్టుకున్న ఆ నిల్వ, గరిష్ఠంగా 5,000 రూపాయలు, ఆ ఫోన్‌కే అతుక్కొని ఉంటుంది. కొత్త ఫోన్‌లో లాగిన్ అయితే తనంతట తాను రాదు. యాప్‌లో యూపీఐ లైట్ తెరిచి మూసేస్తే మిగిలిన డబ్బు ఖాతాలోకి వెనక్కి వస్తుంది. ఇది మరిచిపోయి ఫోన్ రీసెట్ కొడితే ఆ డబ్బు కోసం బ్యాంకు చుట్టూ తిరగాలి.

కొత్త ఫోన్‌లో యూపీఐ యాప్ తెరవగానే ఖాతా నంబరు సిమ్ ఆ ఫోన్‌లోనే ఉందా అని చూడటానికి ఒక ఎస్ఎంఎస్ పంపుతుంది. ఆండ్రాయిడ్‌లో అనుమతి ఇస్తే అదే పంపుకుంటుంది. ఐఫోన్‌లో యాప్ తనంతట తాను ఎస్ఎంఎస్ పంపలేదు. మెసేజ్ పెట్టె తెరుచుకుంటుంది, అందులో గజిబిజి అక్షరాలు ఉంటాయి, పంపే బటన్ మీరే నొక్కాలి. ఆ అక్షరాలు మార్చొద్దు, చెరపొద్దు. రెండు లైన్లు ఉంటే పైన ఏ నంబరు నుంచి వెళుతోందో చూసి బ్యాంకు నంబరు ఎంచుకోండి. ఐఫోన్‌లో యూపీఐ కుదరలేదని వచ్చేవాళ్ళలో తప్పు ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది: వేరే సిమ్ నుంచి పోయి ఉంటుంది, లేదా ప్లాన్‌లో ఎస్ఎంఎస్ లేక ఆగిపోయి ఉంటుంది. ఇన్‌కమింగ్ కోసం చిన్న రీఛార్జి చేసి పక్కన పెట్టిన నంబరైతే ముందు ఎస్ఎంఎస్ ఉన్న ప్లాన్ వేయండి.

రిజిస్టర్ అయ్యాక కూడా మొదటి 24 గంటలు 5,000 రూపాయల వరకే పంపగలరు. ఐఫోన్‌లో కొన్ని బ్యాంకులు ఆ గడువు 72 గంటలు పెడతాయి. కాలేజీ ఫీజు, మేత బిల్లు లాంటివి ఉంటే పాత ఫోన్ నుంచే ముందు కట్టేసి అప్పుడు మారండి. యూపీఐ పిన్ అదే ఉంటుంది. గుర్తులేకపోతే కొత్తది పెట్టడానికి డెబిట్ కార్డు వివరాలో ఆధార్ ఓటీపీయో కావాలి, కాబట్టి కార్డు గడువు తీరిందేమో ముందే చూసుకోండి.

వాట్సాప్ చాట్లు తీసుకెళ్ళడం

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. వాళ్ళ భయంలో అర్థం ఉంది. ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్ గూగుల్ డ్రైవ్‌లోకి వెళుతుంది, ఐఫోన్‌ది ఐక్లౌడ్‌లోకి. ఒకదాని బ్యాకప్‌ను ఇంకోటి తెరవలేదు. బ్యాకప్ ఉంది కదా అని ధైర్యంగా పాత ఫోన్ చెరిపేసి కొత్తదాంట్లో వెతికితే ఏమీ దొరకదు. చాట్లు ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కి నేరుగా పోవాలి, రెండు ఫోన్లూ పక్కపక్కన బతికి ఉండాలి. షాపులో పాతది ఎక్స్ఛేంజ్ ఇచ్చేసి కొత్తది ఇంటికి తెచ్చుకునే పద్ధతి ఇక్కడ పనికిరాదు. ఎక్స్ఛేంజ్ ఇవ్వాల్సి వస్తే మార్పు పూర్తయ్యాకే పాతది ఇస్తామని షాపులో ముందే మాట్లాడుకోండి.

ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి ఇలా చేయాలి.

1. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ అప్‌డేట్ చేయండి. సెట్టింగ్స్‌లో యాప్స్, వాట్సాప్, స్టోరేజ్ చూసి ఎన్ని జీబీ ఉందో రాసుకోండి. ఐఫోన్‌లో అంతకంటే ఎక్కువ ఖాళీ ఉండాలి. అక్కర్లేని వీడియోలు ఇప్పుడే తీసేస్తే పని త్వరగా అవుతుంది.
2. రెండు ఫోన్లూ ఛార్జర్‌కి పెట్టండి. కరెంటు పోతే వైఫై పోతుంది కాబట్టి కోతలు ఉండే వేళ మొదలుపెట్టొద్దు.
3. ఐఫోన్ కొత్తదై ఉండాలి, లేదా పూర్తిగా చెరిపి ఉండాలి. ముందే వాడటం మొదలుపెట్టి ఉంటే సెట్టింగ్స్, జనరల్, ట్రాన్స్‌ఫర్ ఆర్ రీసెట్ దగ్గర అంతా చెరిపి మళ్ళీ మొదటి నుంచి రావాలి. మొదటి సెటప్‌లో ఆండ్రాయిడ్ నుంచి డేటా తెచ్చుకోమనే వరస ఎంచుకోండి.
4. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ నుంచి మూవ్ టు ఐఓఎస్ యాప్ ఎక్కించి, ఐఫోన్ చూపించే కోడ్ అందులో కొట్టండి. ఏమేం పంపాలో అడిగినప్పుడు వాట్సాప్ ఎంచుకొని స్టార్ట్ నొక్కండి. వాట్సాప్ కాసేపు సరుకు సర్దుకొని, ఆ ఫోన్‌లో లాగౌట్ అయి, మళ్ళీ మూవ్ టు ఐఓఎస్‌కి పంపుతుంది. అక్కడ కంటిన్యూ నొక్కండి.
5. ఐఫోన్‌లో గీత పూర్తిగా నిండేదాకా ఆగండి. ఆండ్రాయిడ్ ముందు అయిపోయిందని చెప్పినా ఐఫోన్ చెప్పేదే లెక్క.
6. యాప్ స్టోర్ నుంచి వాట్సాప్ ఎక్కించి, అదే నంబరుతో లాగిన్ అయి, చాట్లు తీసుకొస్తావా అని అడిగినప్పుడు స్టార్ట్ నొక్కండి.

నాలుగో మెట్టు దగ్గర ఎక్కువ మార్పులు పాడవుతాయి. ఆండ్రాయిడ్ తెర మీద మూవ్ టు ఐఓఎస్ మాత్రమే ఉండాలి. ఆ సమయంలో ఎవరైనా ఫోన్ చేసినా, మీరు వేరే యాప్ తెరిచినా మొత్తం ఆగిపోతుంది. ఐఫోన్ ఆ పని కోసం తాత్కాలికంగా ఒక వైఫై పుట్టిస్తుంది, అందులో ఇంటర్నెట్ ఉండదు. ఇంటర్నెట్ లేదని కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు దాన్ని వదిలేసి మొబైల్ డేటాకి దూకుతాయి, అప్పుడూ ఆగుతుంది. ఈ రెండింటికీ ఒకటే మందు: మొదలుపెట్టే ముందే ఆండ్రాయిడ్ నుంచి సిమ్ తీసేయడం. ఫోన్లు రావు, డేటాకి దూకదు.

తొందరపడి కొత్త ఐఫోన్‌లో ముందే వాట్సాప్ ఎక్కించి లాగిన్ అయ్యేవాళ్ళు ఉంటారు. అలా చేస్తే చాట్లు తెచ్చుకోమనే ప్రశ్న రాదు, ఐఫోన్ చెరిపి మళ్ళీ మూడో మెట్టు నుంచి రావాలి. మార్పు మధ్యలో చెడినా ఆండ్రాయిడ్‌లో ఉన్న చాట్లు అక్కడే ఉంటాయి. మీరు వాట్సాప్ తీసేస్తేనో ఫోన్ రీసెట్ చేస్తేనో తప్ప పోవు. కాబట్టి కంగారుపడి అందులో దేన్నీ తొలగించొద్దు.

ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కి కేబుల్ కావాలి. ఐఫోన్ 14 దాకా అయితే లైట్నింగ్ నుంచి టైప్-సి కేబుల్, ఐఫోన్ 15 నుంచి రెండు కొసలా టైప్-సి. రోడ్డు పక్కన దొరికే చౌక కేబుళ్ళలో కొన్ని ఛార్జింగ్ మాత్రమే ఇస్తాయి, డేటా పంపవు. ఫోన్లు ఒకదాన్నొకటి గుర్తించకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి. కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్ 12 గానీ ఆ పైది గానీ ఉండాలి, మొదటి సెటప్‌లోనే ఈ పని కానివ్వాలి. మధ్యలో అది ఒక క్యూఆర్ కోడ్ చూపిస్తుంది. ఐఫోన్ కెమెరాతో స్కాన్ చేస్తే వాట్సాప్‌లో మూవ్ చాట్స్ టు ఆండ్రాయిడ్ తెరుచుకుంటుంది. స్టార్ట్ నొక్కి, అటు కాపీ పూర్తయ్యాక ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ తెరిచి అదే నంబరుతో లాగిన్ అవ్వాలి.

ఎటు నుంచి ఎటు వెళ్ళినా వాట్సాప్ కాల్ జాబితా రాదు, వాట్సాప్‌లో డబ్బు పంపిన మెసేజ్‌లూ రావు. ఎవరికి ఎంత పంపామో లెక్క కావాలంటే స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఫొటోలు

ఫొటోలు గూగుల్ ఫొటోస్‌లో ఉన్నవాళ్ళకి పని చాలా తక్కువ. ఐఫోన్‌లో అదే యాప్ ఎక్కించి అదే జీమెయిల్‌తో తెరిస్తే అన్నీ కనిపిస్తాయి. ఐతే గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అందులోనే మెయిల్, డ్రైవ్, ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్ అన్నీ పడాలి. 2021 జూన్ 1 నుంచి ఫొటోలకి అపరిమిత జాగా ఇవ్వడం ఆపేశారు. అందుకే ఎప్పుడో నిండిపోయి బ్యాకప్ ఆగిపోయినవాళ్ళు చాలామంది, వాళ్ళకి ఆ సంగతే తెలియదు. యాప్‌లో మీ బొమ్మ నొక్కి బ్యాకప్ పూర్తయిందని రాసి ఉందో లేదో చూడండి. ఐక్లౌడ్ ఉచితంగా ఇచ్చేది ఇంకా తక్కువ, 5 జీబీ.

రోజుకి 1.5 జీబీ ఇచ్చే రీఛార్జితో 40 జీబీ ఫొటోలు పైకి ఎక్కించాలంటే దగ్గర దగ్గర నెల పడుతుంది. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ లేకపోతే ఆ దారి వదిలేయండి. కేబుల్‌తో లాప్‌టాప్‌లోకి దించుకొని, ఒక పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ పెట్టుకోండి. పెళ్ళి ఫొటోలు, పొలం పత్రాల ఫొటోలు, ఇక లేని పెద్దవాళ్ళ వీడియోలు ఒక్కచోటే ఉంచుకోవద్దు.

ఐక్లౌడ్‌లో పెట్టినవాళ్ళు ఐఫోన్ వదిలేస్తుంటే, ఆపిల్ ప్రైవసీ పేజీలో లాగిన్ అయి ఫొటోల కాపీ గూగుల్ ఫొటోస్‌కి పంపమని అడగొచ్చు. మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది, మీ ఫోన్ డేటా ఖర్చు కాదు. గూగుల్‌లో అంత జాగా మాత్రం ఉండాలి.

ఐఫోన్ కొత్తగా తీసుకున్న విద్యార్థులకి ఒక మాట. ఐఫోన్ ఫొటోలు మామూలుగా హెచ్ఈఐసీ రూపంలో దాచుకుంటుంది. ఉద్యోగ దరఖాస్తు సైట్లు, స్కాలర్‌షిప్ సైట్లు చాలావరకు జేపీజీ తప్ప తీసుకోవు. సెట్టింగ్స్, కెమెరా, ఫార్మాట్స్‌లో మోస్ట్ కంపాటిబుల్ పెట్టుకుంటే అక్కడి నుంచి తీసే ఫొటోలన్నీ జేపీజీలో వస్తాయి. ఆఖరి తేదీ రాత్రి నెట్ సెంటర్‌కి పరుగెత్తే పని తప్పుతుంది.

అమ్మానాన్నల ఫోన్

మిగతా ముళ్ళన్నీ డబ్బుతోనో ఓపికతోనో విడిపోతాయి. ఇది అలా విడిపోదు, అయినా దీన్నే అందరూ తేలిగ్గా తీసుకుంటారు. పెద్దవాళ్ళకి ఏ ఫోన్ కొనాలన్నది ఆ ఫోన్ ఎంత మంచిదన్న దాన్ని బట్టి తేల్చకూడదు. రోజూ వాళ్ళకి సాయం చేసే మనిషి చేతిలో ఏది ఉందో అదే కొనాలి. కావలిలో ఉన్న అమ్మకి అమెరికా నుంచి కొడుకు ఐఫోన్ పంపుతాడు. ఇంటి పక్క పిల్లవాడు, ఊళ్ళో ఉన్న కూతురు, రీఛార్జి షాపు అబ్బాయి అందరూ ఆండ్రాయిడ్ వాళ్ళే. కింద మూడు గుర్తుల్లో వెనక్కి వెళ్ళే బటన్ ఎక్కడుందని ఆమె వెతుకుతుంది, అక్కడ అది లేదు. ఐఫోన్‌లో వెనక్కి వెళ్ళాలంటే తెర ఎడమ అంచు నుంచి వేలు లోపలికి జరపాలి. చెప్పేవాళ్ళు దగ్గర లేకపోతే ఆ చిన్న మార్పుకే వారాలు పడుతుంది. ఈలోగా ఫోన్ అంటేనే భయం పట్టుకుంటుంది, వచ్చిన ఫోన్ ఎత్తడం కూడా మానేస్తారు.

కొడుకుతో వీడియోలో మాట్లాడటానికే అయితే ఐఫోన్ అక్కర్లేదు. వాట్సాప్ వీడియో కాల్ రెండు పక్కలా ఒకటే. ఆ కాల్‌లోనే తెర పంచుకునే బటన్ ఉంది, 2023 నుంచి పనిచేస్తోంది. అమ్మ తన తెర చూపిస్తే కొడుకు అక్కడి నుంచే "అమ్మా, పైన కుడివైపు మూడు చుక్కలు ఉన్నాయి చూడు, అది నొక్కు" అని చెప్పగలడు. ఆ సమయంలో బ్యాంకు యాప్ తెరవకూడదని మాత్రం ఒకటికి రెండుసార్లు చెప్పండి. ముక్కూ మొహం తెలియనివాళ్ళు తెర చూపించమని అడిగితే కాల్ కట్ చేసేయమనండి.

తెలుగు టైపింగ్, తెలుగులో మాట్లాడి రాయించడం పెద్దవాళ్ళు బాగా వాడతారు. కొనేముందు షాపులో ఉన్న డెమో ఫోన్ వాళ్ళ చేతికిచ్చి, వాళ్ళు రోజూ పంపే రకం మెసేజ్ ఒకటి పంపించి చూడండి. పది నిమిషాలు పడుతుంది, తర్వాత గొణుగుడు ఉండదు.

సర్వీసు, సెకండ్‌హ్యాండ్

డిస్‌ప్లే పగిలితే ఎంతవుతుందో, కంపెనీ సర్వీసు సెంటర్ దగ్గర్లో ఎక్కడుందో ఫోన్ ధరతో పాటు చూడాలి. కంపెనీ సైట్‌లో మీ పిన్‌కోడ్ కొట్టి చూడండి. కనిగిరి, పొదిలి లాంటి చోట్ల ఉన్నవాళ్ళకి ఫోన్ బాగుకి రానూపోనూ ఒక రోజు పనే పోతుంది, అదీ ఖర్చే.

సెకండ్‌హ్యాండ్ ఐఫోన్‌తో అవతలికి వెళ్ళేవాళ్ళు ఎక్కువ కాబట్టి మూడు సంగతులు. సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లో డిస్‌ప్లే దగ్గర అన్‌నోన్ పార్ట్ అని ఉంటే అసలు కంపెనీది కానిది వేసినట్టు. వాట్సాప్ నడవాలంటే ఐఓఎస్ 15.1 గానీ ఆ పైది గానీ కావాలి, ఐఫోన్ 6, 6 ప్లస్ దాకా ఉన్నవి 2025 మే నుంచి పనికిరాకుండా పోయాయి. ఇక *#06# కొడితే వచ్చే ఐఎంఈఐ నంబరును, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబరును, KYM అన్న మూడు ఇంగ్లిషు అక్షరాల తర్వాత ఒక ఖాళీ వదిలి రాసి 14422కి ఎస్ఎంఎస్ చేస్తే ఆ ఫోన్ దొంగతనం కింద బ్లాక్ అయిందో లేదో తెలుస్తుంది. బిల్లు లేకుండా తక్కువకి ఇస్తున్నారంటే ఇది చేయకుండా డబ్బు చేతికి ఇవ్వొద్దు.

పాత ఫోన్ వదిలించుకునే ముందు

కొత్తదాంట్లో అన్నీ కుదిరాక కూడా పాతదాన్ని కనీసం వారం ఉంచుకోండి. కాగితం మీద రాసుకున్న ప్రతి యాప్‌నూ కొత్త ఫోన్‌లో ఒకసారి తెరిచి చూసి టిక్ పెట్టండి. ఓటీపీల బదులు, లాగిన్ కోడ్లు ఫోన్‌లోనే పుట్టించే ఆథెంటికేటర్ యాప్ వాడేవాళ్ళు దాన్ని క్యూఆర్‌తో కొత్తదానికి మార్చారో లేదో ముఖ్యంగా చూసుకోండి. పాతది చెరిపాక ఆ ఖాతాల్లోకి వెళ్ళడం గగనమే. పాత యాప్ స్టోర్‌లోనో ప్లే స్టోర్‌లోనో కడుతున్న నెలవారీ చందాలు ఉంటే అక్కడే రద్దు చేయండి. ఫోన్ మారినంత మాత్రాన అవి ఆగవు.

ఐఫోన్ వదిలేస్తుంటే సిమ్ తీయకముందే సెట్టింగ్స్‌లో ఐఫోన్ల మధ్య మెసేజ్‌లు పంపే ఐమెసేజ్, వీడియో కాల్స్ చేసే ఫేస్‌టైమ్ రెండూ ఆపండి. లేకపోతే ఐఫోన్ ఉన్న బంధువులు పంపే మెసేజ్‌లు మీ పాత ఖాతాకే పోతూ ఉంటాయి, మీకు చేరవు. ఫోన్ అమ్మేశాక గుర్తొస్తే ఆపిల్ సైట్‌లో నంబరు ఇచ్చి ఐమెసేజ్ నుంచి తొలగించుకునే పేజీ ఉంది. ఆ తర్వాత పోయిన ఫోన్‌ని వెతికిపెట్టే ఫైండ్ మై ఆపి, ఆపిల్ ఖాతా నుంచి సైన్ అవుట్ అయి, అప్పుడు చెరపండి. అది ఆపకుండా ఇస్తే కొన్నవాళ్ళకి ఫోన్ తెరుచుకోదు, మీ ఇంటికే వస్తారు.

ఆండ్రాయిడ్ అయితే సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కి వెళ్ళి జీమెయిల్ ఖాతాలన్నీ తీసేయండి. మెమరీ కార్డు, సిమ్ బయటికి తీయండి. తర్వాత సెట్టింగ్స్ లోపలి నుంచే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. వాల్యూమ్, పవర్ బటన్లు కలిపి నొక్కి రీసెట్ చేస్తే పాత జీమెయిల్ పాస్‌వర్డ్ అడిగి అక్కడే ఆగిపోతుంది. రీసెట్ అయ్యాక ఒకసారి ఆన్ చేసి, భాష ఎంచుకోమనే మొదటి తెర వచ్చిందని చూసుకొని, బిల్లుతో పాటు షాపువాడికి ఇవ్వండి.